అమ్మ కూలి ఏ పద్దులో రాశాం?

వేదిక మీదున్న పెద్దలకు, సంఘం సభ్యులకు, వెనక వేపచెట్టు కింద కూర్చున్న ఆడవాళ్లకు నమస్కారం. డ్రోన్ల గురించి, ఫోన్లో రేట్లు చూసుకోవడం గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను. ముందు ఒక నోటుపుస్తకం సంగతి చెప్పాలి.

మా నాన్న ముప్పై ఏళ్లు మిర్చి వేశారు. లెక్క రాయనిదే పడుకునేవారు కాదు. నారు, ఎరువులు, మందులు, కోత కూలీలు, గుంటూరు యార్డుకు బండి కిరాయి, హమాలీ, కమీషన్, అన్నీ ఉన్నాయి. ఆయన పోయాక ఆ పుస్తకాలన్నీ తిరగేశాను. మా అమ్మ ఎక్కడా లేదు. కల్లంలో పొద్దస్తమానం తాలు కాయలు ఏరింది ఆమే. రాత్రి మబ్బు పడితే లేచి కాయ కుప్పచేసి పట్టా కప్పింది ఆమే. పక్కన కూర్చుని ఏరిన మనిషికి కూలి రాశారు, అమ్మకు రాయలేదు. మరి ఆ ఏడు మిగిలిందనుకున్నది లాభమా, మా అమ్మ కూలా? మీరే చెప్పండి.

కేంద్రంలో వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ ఉంది. చేతినుంచి పెట్టిన ఖర్చును వాళ్లు ఏ2 అంటారు. దానికి ఇంటిమనుషుల కష్టం విలువ కలుపుతారు. సొంత పొలానికి లెక్కగట్టిన కౌలు, సొంత పెట్టుబడి మీద వడ్డీ కూడా కలిపితే సీ2. ఢిల్లీ కాగితాల్లో ఉన్న ఇంటిమనిషి కష్టం మన ఇంటి పుస్తకంలో లేదు!

మిర్చికి మద్దతు ధర లేదు. 2025లో రేటు పడిపోతే మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలు ఖరారు చేసింది. చాలదన్నాం. ఎంతైతే చాలుతుందో కాగితం మీద చూపించగలిగినవాళ్లు చేతులెత్తండి. ఆ రోజు నా దగ్గరా ఆ కాగితం లేదు.

కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా, ఇప్పుడే అమ్మాలా? అద్దె, అప్పు మీద వడ్డీ, ఆరితే తగ్గే తూకం రాసుకుంటేనే తేలుతుంది. ఫోన్ యార్డు రేటు చూపిస్తుంది, మన ఖర్చు చూపించదు. మందు కొట్టే డ్రోన్ అయినా అంతే. ఎకరానికిచ్చే కిరాయి పక్కన, దానివల్ల ఆదా అయిన కూలి ఎంతో రాసి చూడండి.

అమ్మా, వెనకున్నవాళ్లు కాస్త ముందుకు రండి. ఈ పుస్తకాలు మీకోసమే తెచ్చాను. ‘ఇంటిమనుషులు’ అని ఒక గడి కొట్టించాను. మగవాళ్లు రాయకపోతే మీరే రాయండి, చదువుకునే పిల్లలుంటే వాళ్లతో రాయించండి. నిన్న కల్లంలో ఎన్ని గంటలున్నారు? చెప్పండి, మొదటి పేజీ ఇప్పుడే రాద్దాం.