మేం తెచ్చుకోని రిపోర్టు

శ్రోతలకు నమస్కారం. నేను డాక్టర్‌ను కాదు. నల్లగొండ జిల్లాలో పిల్లలకు లెక్కలు చెప్పే టీచర్‌ను. ఈ రోజు మా బాపు ప్రొస్టేట్ ఆపరేషన్ సంగతి చెప్తాను. ఆయనను అడిగే వచ్చాను. "చెప్పు, నలుగురికి తెలుస్తది" అన్నాడు.

బాపుకు 72 ఏళ్లు. దేవరకొండ వైపు మాకు బత్తాయి తోట ఉంది. రాత్రి ఐదారుసార్లు ఒంటికి లేచేవాడు. అడిగితే "మోటారు చూసి వస్తున్న" అనేవాడు. హైదరాబాద్ బస్సు ఎక్కాలంటే పొద్దుటి నుంచే నీళ్లు మానేసేవాడు. పెళ్లిళ్లకు పోవడమే తగ్గించాడు. వయసుతో వచ్చేదే కదా అని మాత్రలతో నెట్టుకొచ్చాం. ఒక రాత్రి మూత్రం పూర్తిగా బంద్ అయింది. ఆ బాధ పగవాడికి కూడా వద్దు. నల్లగొండలో పైపు వేయించి, హైదరాబాద్‌లో ఆపరేషన్ చేయించాం.

ప్రొస్టేట్ అంటే మగవాళ్లకు ఉండే గ్రంథి. అది మూత్రాశయం కింద, మూత్రం దారి చుట్టూ ఉంటుంది. వయసుతో ఉబ్బి ఆ దారిని నొక్కుతుంది. ఆ ఉబ్బు క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు కూడా. కానీ అదే గ్రంథిలో క్యాన్సర్ వేరుగా ఉండొచ్చు. పొట్ట కోయకుండా, మూత్రం దారిలోంచే పరికరం పంపి, అడ్డున్న కండను చిన్నచిన్న ముక్కలుగా తీశారు.

డిశ్చార్జి రోజు ఒక మాట చెప్పారు: "ముక్కలు పరీక్షకు పంపాం, వారం తర్వాత రిపోర్టు తీసుకోండి." విన్నాను. పట్టించుకోలేదు. బాపు రాత్రంతా హాయిగా నిద్రపోతున్నాడు, తోటలో కాయ తెంపే రోజులు, ఇంకేం కావాలి? రెండు నెలలు గడిచాయి. ఆసుపత్రి వాళ్లు ఫోన్ చేయలేదు. మేమూ అడగలేదు. రిపోర్టు అక్కడే ఉంది.

మా చెల్లె బిల్లులు సర్దుతుంటే ఆ పరీక్ష రసీదు దొరికింది. "అన్నా, దీని రిపోర్టు ఏది?" అంది.

వెళ్లి తెచ్చాను. తీసిన కండలో 5 శాతం కన్నా తక్కువ భాగంలో క్యాన్సర్. క్యాన్సర్ ఎంత దూకుడు రకమో చెప్పే గ్లీసన్ స్కోరు 3+3, అంటే 6. ల్యాబు ముందు బెంచీ మీద కూలబడ్డాను.

డాక్టర్ నెమ్మదిగా చెప్పారు. ఇది కొంచెమే ఉంది, మెల్లగా పెరిగే రకం. స్కానింగ్ చేయిద్దాం, పీఎస్ఏ అనే ప్రొస్టేట్ ప్రోటీన్‌ను కొలిచే రక్తపరీక్షతో కనిపెట్టుకొని ఉందాం, ఇప్పుడే రేడియేషన్ అక్కర్లేదు. 5 శాతం దాటినా, స్కోరు ఎక్కువున్నా దారి వేరుగా ఉండేదట.

"ఆపరేషన్‌కు ముందు పీఎస్ఏ 2.6 వచ్చింది, నార్మలే కదా సార్?" అన్నాను. "ఏ మాత్రలు వాడారు?" అన్నారు. ఏడాదిగా డ్యూటాస్టెరైడ్, ప్రొస్టేట్ ఉబ్బు తగ్గించే మాత్ర. ఆ మాత్ర ఆరు నెలలు వాడితే పీఎస్ఏ సుమారు సగానికి తగ్గుతుంది. రెట్టింపు చేసి చదవాలి, అంటే 5.2. నేననుకున్నంత నార్మల్ కాదన్నమాట. మాత్ర సంగతి మేం ఎవరికీ చెప్పలేదు. అదే కోవకు చెందిన ఫినాస్టెరైడ్ మాత్రతో కూడా పీఎస్ఏ అలాగే తగ్గుతుంది. మీరు మాత్రం చెప్పండి.

బాపుకు చెప్పొద్దని ఇంట్లో అందరూ అన్నారు. ఆయన ఒళ్లు, ఆయనకు తెలియాలి. చెప్పాను. కాసేపు తోట వైపు చూసి, "మళ్లెప్పుడు పోవాలె?" అన్నాడు.

ఆపరేషన్ అయింది, ఇక గ్రంథే లేదు అనుకోకండి. తీసేది లోపలి భాగమే. ఈ క్యాన్సర్ ఎక్కువగా మొదలయ్యే బయటి భాగం అలాగే ఉంటుంది. కొన్ని లేజర్ పద్ధతుల్లో కండ ఆవిరైపోయి, పరీక్షకు ముక్కే మిగలదు. ముందే అడగండి.

ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు రిపోర్టు తెచ్చుకోండి. తెచ్చి డాక్టర్‌కు చూపించండి. చాలా రోజులైంది కదా అని ఊరుకోకండి. ఆ ముక్కలను ల్యాబుల్లో మైనపు దిమ్మల్లో పెట్టి మామూలుగా కొన్నేళ్లు దాస్తారు. రసీదు వెతికి, రేపే ఫోన్ చేయండి. నమస్కారం.