వంకీ హ్యాండిల్‌కు హబ్బు గేరు షిఫ్టర్ యాడ పెట్టల్ల?

అన్నా నమస్తే, అక్కా నమస్తే, కడప నుంచే, మళ్ళీ మా ఇంటి వరండానే, వెనక కోళ్ళు అరుస్తాంటాయి ఏమనుకోవద్దండి. పోయిన వీడియోలో ఈ సైకిల్ చూపిచ్చినప్పుడు చానామంది అడిగినారు, రేసు సైకిల్ మాదిరి కిందికి వంగిన వంకీ హ్యాండిల్ పెట్టుకున్నావు, వెనక చూస్తే ఒకటే పళ్ళచక్రం, మరి ఆ నడిమధ్యలో స్కూటర్ గేరు మాదిరి తిప్పేది ఏందప్పా అని. ఈరోజు దాని కథే.

హబ్బు, అంటే వెనక చక్రం నడిమధ్య ఉండే డబ్బా, షిమానో కంపెనీ నెక్సస్ 8, ఎనిమిది గేర్లది, బెంగళూరులో ఒకాయన దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో చక్రంతో సహా తెచ్చినా. గేర్లన్నీ హబ్బు లోపలే. మా పక్క ఎండాకాలం ఎర్రదుమ్ము, వాన పడితే జమ్మలమడుగు దావలో రేగడి మన్ను, మామూలు గేరు సైకిలైతే ఆ మన్నంతా చైను పక్కకు జరిపే డీరైలర్‌లో కూర్చుంటాది, పుల్ల తీసుకుని గీక్కుంటా కూర్చోవల్ల. దీనికి ఆ బాధ లేదు. ఇంకోటి, నిలబడే గేరు మార్చుకోవచ్చు, గొర్రెల మంద అడ్డమొచ్చి టక్కున ఆగినామనుకో, లగేజీతో మళ్ళీ ఎత్తుకోవాలంటే ఆ సుఖం అనుభవిస్తేనే తెలుస్తాది. ముందర 38 పళ్ళు, వెనక 20 వేసినా, 1వ గేరులో పెడలు ఒక చుట్టు తిప్పితే సైకిల్ సుమారు 2.15 మీటర్లు పోతాది, 8లో 6.6 మీటర్లు.

సరే, షిఫ్టర్, అంటే చేత్తో గేరు మార్చేది. దీంతోపాటు వచ్చింది తిప్పే షిఫ్టర్, అది సాదా హ్యాండిల్ కోసం చేసింది, అంటే 22.2 మిల్లీమీటర్ల గొట్టానికి. మన వంకీ హ్యాండిల్ గొట్టమేమో 23.8. ఒకటిన్నర మిల్లీమీటరే కదా తేడా అని నేనూ అనుకున్నా. అర్ధగుండ్రం ఆకురాయి తీసుకుని లోపల ప్లాస్టిక్ రాకుతా రాకుతా ఒక ఆదివారమంతా పోయింది, ఎట్లనో ఎక్కింది, కానీ వంపు దగ్గర ఆగిపోయింది, అది వంపు దాటి పైకి రాదు సామీ, ఎంత తోసినా రాదు. కాబట్టి కింద వంకీ చివర్లోనే పెట్టి, బాగుందిలే అని గువ్వలచెరువు ఘాటుకు తీసుకుపోయినా.

అదీ నేను చేసిన తప్పు. ఘాటు ఎక్కేటప్పుడు మనిషి చేతులు యాడుంటాయి? పైన, హ్యాండిల్‌ను సైకిల్‌కు బిగించే స్టెమ్ పక్కన సాదాగా ఉండే కాడ. రాయచోటి దావ కాబట్టి వెనక లారీ హారన్ కొడతాంటాది, నేను గేరు కోసం కిందికి వంగి వంకీ చివర వెతుక్కుంటాన్నా, సైకిల్ అటూ ఇటూ ఊగుతాంది. పైగా ఈ హబ్బుకు గేరు మార్చేటప్పుడు పెడలు మీద తొక్కుడు ఒక్క క్షణం వదలల్ల, బలంగా తొక్కుతా మారిస్తే లోపల పట్టుకుంటాది, మారదు. ఎత్తులో తొక్కుడు వదిలి, వంగి, తిప్పి, మళ్ళీ లేసేలోపల సైకిల్ ఆగిపోతాది. రెండుసార్లు కాలు కింద పెట్టినా.

మరి హ్యాండిల్ చివర దూర్చే లివరు లేదా అంటే ఉంది, నెక్సస్‌కు సరిపోయేది జేటెక్ అని అమెరికా వాళ్ళు చేసినారు, అందంగా ఉంటాది, తెప్పిచ్చుకునే ఖర్చు లెక్కేసి నేనైతే ఊరకున్నా. అదీ చివర్లోనే ఉంటాది కదా, నా ఘాటు గోల అట్లనే ఉంటాది. ఒకటి మాత్రం గుర్తు పెట్టుకోండి, అంగట్లో 8 స్పీడు డీరైలర్ షిఫ్టర్ చవకగా వస్తాదని తెచ్చి తగిలించొద్దండి, లెక్కకు రెండూ ఎనిమిదే గానీ గేరు గేరుకూ తీగ లాగే కొలత వేరే, ఒకటి పడితే ఇంకోటి పడదు.

నాకు కుదిరింది ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తా ఉండండి. లైటు, ఫోను పెట్టుకోనీకి హ్యాండిల్‌కు బిగించే పొట్టి అడ్డగొట్టం ఆన్‌లైన్లో దొరుకుతాది, కొనేముందు అది 22.2 దేనా అని చూసుకోండి. స్టెమ్ పక్కన కుడివైపు, హ్యాండిల్‌కు కొంచెం కింద, దాంతో సమానంగా పడుకోబెట్టి బిగించి షిఫ్టర్ దాని మీదికి ఎక్కిచ్చినా. పైన పట్టుకున్న చేతి రెండు వేళ్ళు జరిపితే చాలు, గేరు పడుతుంది. బ్రేకు లివర్లు యథాప్రకారం వాటి తావులో అవి. ఆ పొట్టి గొట్టం మీద మాత్రం బరువు ఆనిచ్చొద్దండి, అది షిఫ్టర్ కోసమే, పట్టుకుని సైకిల్ లాగేదానికి కాదు. నష్టం ఏమంటే హ్యాండిల్ ముందర సంచి పెట్టేవాళ్ళకు ఇది అడ్డం, నాకు సంచులన్నీ వెనకే కాబట్టి సరిపోయింది.

తీగ దగ్గర పిసినారితనం వద్దు. బ్రేకు తీగ పైతొడుగు వెయ్యకూడదు, దాని లోపల స్ప్రింగు మాదిరి చుట్టు ఉంటాది, లాగితే నొక్కుకుంటాది, గేరు లెక్క తప్పుతాది. గేరు తొడుగే అడిగి తెచ్చుకోండి. కోసేముందు హ్యాండిల్‌ను అటు చివరిదాకా ఇటు చివరిదాకా తిప్పి, యాడా బిర్రుగా లాగకుండా చూసి కొయ్యండి. నేను మొదటిసారి రెండంగుళాలు పొట్టిగా కోసినా, కుడికి తిప్పితే గేరు దానంతట అదే మారేది, ఇంట్లోవాళ్ళు నవ్వినారు.

సెట్టింగు తేలిక. షిఫ్టర్ 4లో పెట్టండి, చక్రం పక్కన హబ్బు మీద రెండు పసుపు గీతలు కనపడతాయి, అవి ఎదురెదురుగా రావల్ల. రాకపోతే షిఫ్టర్ దగ్గర తీగ బిగువు సరిచేసే చిన్న మర ఉంటాది, బ్యారెల్ అంటారు, అది తిప్పండి. వచ్చినాక 4 నుంచి 1కి పోయి, మళ్ళీ 4కి వచ్చి ఇంకోసారి చూడండి, మొదటిసారి కుదిరినట్టే ఉండి రెండోసారి తప్పుతాది ఒక్కోసారి. చక్రం తీసి పెట్టినప్పుడు ఇరుసు తిరక్కుండా వేసే వాషర్లు అటువి ఇటు వెయ్యొద్దండి.

కొత్త తీగ కాబట్టి కొంచెం సాగుతాది. పోయిన ఆదివారం మళ్ళీ అదే ఘాటు పోయినా, కాలు కింద పెట్టలేదు, గువ్వలచెరువులో కోవా అంగడి ముందర సైకిల్ ఆనిచ్చి చూస్తే గీతలు వెంట్రుకవాసి తప్పినాయి, ఒక చేత్తో కోవా పట్టుకుని ఇంకో చేత్తో బ్యారెల్ అర చుట్టు తిప్పినా, కుదిరింది.