ముద్ద పువ్వూ ముద్ద పువ్వూ కలిస్తే రేక పువ్వు: కొత్త హైడ్రేంజియా రకం ఎలా పుడుతుంది?

[తెర మీద: పక్కపక్కనే రెండు హైడ్రేంజియాల ఫొటోలు. రెండూ ముద్ద పూలు.]

హైడ్రేంజియా గుత్తులు గుత్తులుగా పూసే పొద. ఈ రెండు మొక్కలూ జపాన్‌వి. ఎడమ పక్కన ఉన్నది ‘సుమిదా నో హనాబి’. సుమిదా నది దగ్గర కాల్చే బాణసంచా అని ఆ పేరుకి అర్థం. కుడి పక్కది ‘జోగసాకి’, ఇజు ద్వీపకల్పంలో దొరికిన రకం. రెండూ మన ముద్దమందారంలాగే, రేకు మీద రేకు.

వీటిని కలిపి గింజ కట్టించి మొలిపిస్తే ఎలాంటి పూలు రావాలి? ఎవర్ని అడిగినా ముద్ద పూలే అంటారు. జపాన్‌లో ఈ రెండు వంశాల మొక్కల్నీ నిజంగానే కలిపి చూశారు. పుట్టిన పిల్ల మొక్కలన్నీ రేక పూలే పూశాయి. ఒక్కటంటే ఒక్కటి కూడా ముద్ద పువ్వు లేదు.

కొత్త హైడ్రేంజియాని తయారుచేయడం ఎందుకింత కష్టమో, ఎందుకింత అందమైన పనో ఈ ఒక్క సంగతిలోనే ఉంది. ఈ వీడియోలో దాన్నే మెల్లగా విప్పుకుందాం.

[తెర మీద: ఊటీ రోడ్డు పక్క నీలం గుత్తులు. తర్వాత అమెరికాలో ఒక ఇంటి ముందు గులాబీ గుత్తులు.]

ఊటీ వెళ్ళినవాళ్ళు ఈ పూలను చూసే ఉంటారు. న్యూజెర్సీలోనో అట్లాంటాలోనో ఉండే మనవాళ్ళకైతే ఇంటి ముందే ఉంటాయి. హైదరాబాద్‌లో కుండీ కొని తెచ్చుకుంటే మాత్రం ఆ ఏడాది పూసి, మరుసటి ఏడాది ఆకులతోనే సరిపెడుతుంది. దీనికి పూమొగ్గ కట్టాలంటే చల్లటి రాత్రులు కావాలి. చలి దేశాల్లో కుండీ మొక్కలు పెంచేవాళ్ళు వాటిని 6 వారాలకు పైగా 5 నుంచి 7 డిగ్రీల చలిలో ఉంచి, ఆ తర్వాతే పూయిస్తారు.

[తెర మీద: ఒక గుత్తి, చాలా దగ్గరగా.]

ముందు పువ్వుని సరిగ్గా చూద్దాం. మనం రేకులనుకునేవి నిజానికి పూరేకులు కావు, రక్షక పత్రాలు. మొగ్గని కాపాడే ఆకుపచ్చ తొడుగు ఉంటుంది కదా, అదే ఇక్కడ పెద్దదై రంగు వేసుకుంది. మన పార్కుల్లో ముసెండా చేసేది కూడా ఇదే.

ఇవి చూపులకే. గింజ కట్టే అసలు పూలు చిన్నవి, మిల్లీమీటర్ల లెక్కలో ఉంటాయి. గుత్తి పళ్ళెంలా పరుచుకుని, మధ్యలో చిన్న పూలు, అంచు చుట్టూ పెద్ద పూలు ఉంటే దాన్ని లేస్‌క్యాప్ అంటారు. బంతిలా గుండ్రంగా అన్నీ పెద్ద పూలే కనిపిస్తే అది మాప్‌హెడ్. మాప్‌హెడ్‌ని కూడా వేళ్ళతో విప్పి చూడండి, అడుగున ఆ చిన్న పూలు దాక్కుని ఉంటాయి. గింజ కట్టాక వచ్చే చిన్న కాయ నీళ్ళ కుండలా ఉంటుంది. హైడ్రేంజియా అంటే గ్రీకులో నీటి పాత్ర అనే అర్థం.

[తెర మీద: గద్వాల వైపు పత్తి చేను, క్రాసింగ్ చేస్తున్న చేతులు.]

ఇప్పుడు మన ఊళ్ళ దగ్గరికి ఒకసారి వద్దాం. గద్వాల, నంద్యాల వైపు సీడ్ పత్తి పండించే ఇళ్ళలో క్రాసింగ్ అంటే ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. రేపు విచ్చుకునే మొగ్గని ఈరోజే పట్టుకుని, అందులోని కేసరాలు తీసేస్తారు. మర్నాడు పొద్దున్నే మగ వరుస నుంచి పువ్వు తెచ్చి రుద్దుతారు. హైడ్రేంజియాలో చేసేది కూడా అచ్చం ఇదే. కాకపోతే పత్తి మొగ్గ వేళ్ళకు దొరుకుతుంది, ఇది దొరకదు. భూతద్దం, సన్నని పట్టకారు కావాలి. అప్పటికే విచ్చుకున్న పూలన్నీ ముందు తీసి పారేయాలి. విచ్చుకోబోయే మొగ్గల్లో కేసరాలు పగలక ముందే ఒక్కోటీ గిల్లేయాలి. అవతలి మొక్క పుప్పొడి అద్ది, పల్చటి సంచి తొడిగి, చీటీ కట్టాలి. చీటీ మీద తల్లి పేరు, తండ్రి పేరు, తేదీ. ఆ చీటీ పోతే మొక్క ఉన్నా దాని కథ పోయినట్టే.

మే, జూన్ నెలల్లో అద్దితే కాయ పండేసరికి శరదృతువు దాటిపోతుంది. గింజ ధూళిలా ఉంటుంది. ప్రకాశం జిల్లాలో పొగాకు నారుమడి పోసినవాళ్ళకు అంత సన్న విత్తనం ఎలా ఉంటుందో తెలుసు. మట్టి కప్పకూడదు, పైపైన చల్లి తుంపరగా తడపాలి. మొలిచిన మొక్క మొదటి పువ్వు చూపించడానికి సుమారు రెండేళ్ళు.

[తెర మీద: వరుసగా చిన్న కుండీలు, అన్నీ సాదా పూలు.]

ఈ రెండేళ్ళు ఎదురుచూసిన మనిషికి ఆ రోజు ఏం కనిపిస్తుందో చూడండి.

అతను ముద్ద పూల లేస్‌క్యాప్‌ని, రేక పూల మాప్‌హెడ్‌తో కలిపాడు అనుకుందాం. కావాల్సింది ముద్ద పూల మాప్‌హెడ్. వచ్చినవి మాత్రం రేక పూల లేస్‌క్యాప్‌లు. అడిగిన రెండు గుణాల్లో ఒక్కటీ రాలేదు. అడవిలో పూసే మొక్కలా ఉన్నాయి అన్నీ.

ఎందుకంటే ప్రతి పిల్ల మొక్కకీ ప్రతి గుణానికీ రెండు చీటీలు, అంటే జన్యువు ప్రతులు, వస్తాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ముద్ద పువ్వు రావాలంటే రెండు చీటీల మీదా ముద్ద అనే ఉండాలి. ఒక్కదాని మీద రేక అని ఉన్నా రేకదే గెలుపు. మాప్‌హెడ్ కూడా అంతే, రెండు చీటీలూ కలిస్తేనే బయటపడుతుంది. ఇలాంటి వాటిని అంతర్గత గుణాలు అంటారు. పోలేదు, లోపల ఉన్నాయి.

మరి మొదట చెప్పిన రెండు ముద్ద పూల సంగతి? అక్కడ తల్లీ తండ్రీ ఇద్దరిదీ ముద్దే కదా?

[తెర మీద: పొలం గట్టున రెండు పాత బోరు మోటార్లు.]

రెండు చెడిపోయిన మోటార్లు ఉన్నాయి అనుకోండి. ఒకదానికి స్టార్టర్ పోయింది. ఇంకోదానికి కేబుల్ కాలింది. చూడ్డానికి రెండిటి జబ్బూ ఒకటే, మోటారు తిరగట్లేదు. కానీ దీని మంచి కేబుల్, దాని మంచి స్టార్టర్ తీసుకుని కలిపితే మోటారు చక్కగా తిరుగుతుంది. సుమిదా నో హనాబిలో మార్పు వచ్చింది ఒక జన్యువులో. జోగసాకిలో మార్పు వచ్చింది వేరే జన్యువులో. పిల్ల మొక్కలో ఒకదాని లోటుని ఇంకోటి పూడ్చేసింది. మోటారు తిరిగింది, అంటే మామూలు రేక పువ్వు పూసింది.

నాకు ఈ విషయం మొదటిసారి అర్థమైనప్పుడు కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది. రెండు ముద్ద పూలను కంటితో చూసి, మార్పు వేరువేరు జన్యువుల్లో ఉందని చెప్పడం కష్టం. వాటి పిల్లలు చెప్పాయి.

[తెర మీద: 16 గడుల పట్టిక, ఒక గడి మెరుస్తూ.]

అందుకే మొదటి తరం నిరాశపరచిందని పీకి పారేసినవాడికి ఏమీ దక్కదు. ఆ సాదా మొక్కలనే మళ్ళీ కలపాలి. హైడ్రేంజియా తన పుప్పొడితో తాను సరిగ్గా గింజ కట్టదు కాబట్టి, ఒకే కాయ నుంచి పుట్టిన తోబుట్టువులను ఒకదానితో ఒకటి కలుపుతారు. రెండు గుణాలూ వేరువేరు క్రోమోజోముల మీద ఉంటే, రెండో తరంలో ప్రతి 16 మొక్కల్లో ఒకటి ముద్ద పూల మాప్‌హెడ్ అవుతుంది. 400 మొక్కలు పెంచితే 25 వరకు. రెండూ ఒకే క్రోమోజోము మీద దగ్గరదగ్గరగా ఉంటే లెక్క ఇంకా పడిపోతుంది, ఎందుకంటే ముద్ద గుణం తాత వైపు నుంచీ మాప్‌హెడ్ గుణం అమ్మమ్మ వైపు నుంచీ విడివిడిగా వచ్చాయి. పక్కపక్కనే ఉన్నవి విడిపోయి కొత్త జత కట్టడం అరుదు.

ఈమధ్య జపాన్ పరిశోధకులు ఈ గుణాలకు డీఎన్‌ఏ గుర్తులు కనిపెట్టారు. పువ్వు కోసం రెండేళ్ళు ఆగక్కర్లేదు, లేత మొక్క ఆకు ముక్క పరీక్షించి ఏది ముద్ద పూస్తుందో ముందే చెప్పొచ్చు. చోటు, కుండీలు, నీళ్ళు, కూలి, అన్నీ మిగులుతాయి. జపాన్‌లో షిమానే రాష్ట్ర వ్యవసాయ పరిశోధకులు తెచ్చిన ‘మంగెక్యో’ని చూస్తే ఈ కష్టానికి ఫలితం ఏమిటో తెలుస్తుంది. ఆ పేరుకి కలైడోస్కోప్ అని అర్థం. రేకు అంచు తెల్లగా, లోపలికి వెళ్ళేకొద్దీ రంగు చిక్కబడుతుంది.

[తెర మీద: ఒకే రకం మొక్క రెండు కుండీల్లో, ఒకటి నీలం, ఒకటి గులాబీ.]

ఇప్పుడు ఆ 25 మొక్కలు చేతికొచ్చాయి. రంగు చూసి ఎంచుకుందామా? తొందరపడకూడదు. హైడ్రేంజియాలో నీలానికీ గులాబీకీ ఉన్న రంగు పదార్థం ఒకటే, డెల్ఫినిడిన్ అనే ఆంథోసయనిన్. మట్టి పులుపుగా, పీహెచ్ 5.5 కన్నా తక్కువగా ఉంటే అల్యూమినియం కరిగి వేర్లకు అందుతుంది. అది రేకులోకి చేరి, రంగు పదార్థంతోనూ పక్కనున్న ఇంకో పదార్థంతోనూ కలిసి నీలం అవుతుంది. అల్యూమినియం అందకపోతే గులాబీ. తోటమాలులు పటిక కలిపిన నీళ్ళు పోసి నీలం చేసేది ఇందుకే, పటికలో అల్యూమినియం ఉంది. తెల్లవాటిలో ఈ రంగు పదార్థమే ఉండదు, వాటికి ఎంత పటిక పోసినా తెలుపే. అందుకని ఎంపిక చేసేవాళ్ళు ప్రతి మొక్కకీ కొమ్మలు నాటి, పుల్ల మట్టిలో ఒకటి, మామూలు మట్టిలో ఒకటి పెంచి చూస్తారు. నీలం బాగుండి, గులాబీ వెలిసినట్టు ఉంటే అది సగం మొక్కే.

ఇక మిగతావి. గుత్తి బరువుకి కాడ వంగకూడదు. బూడిద తెగులు రాకూడదు. కొమ్మ నాటితే సులువుగా వేరు పట్టాలి. లారీలో వంద మైళ్ళు వెళ్ళినా రేకు నలగకూడదు. నా దృష్టిలో కాడ బలమే అన్నిటికన్నా ముందు. వాన పడగానే నేలకు వాలిపోయే పువ్వుని చూస్తే మనసు పాడవుతుంది.

[తెర మీద: మంచు కప్పిన మిన్నెసోటా. తర్వాత అదే చోట వేసవి.]

మామూలు హైడ్రేంజియాకి పూమొగ్గ ముందు ఏడాది శరదృతువులోనే పాత కొమ్మ కొసన తయారవుతుంది. చలికి ఆ కొమ్మ చచ్చిపోతే ఆ ఏడాదికి పూలు లేనట్టే. అమెరికాలో మిన్నెసోటా లాంటి చోట్ల ఏటా ఇదే బాధ. 1980లలో సెయింట్ పాల్ నగరంలో ఒక పెరటి మొక్క ఆ చలికి కొమ్మలు పోయినా మళ్ళీ కొత్త కొమ్మ మీద పూయడం అక్కడి బెయిలీ నర్సరీ వాళ్ళ కంట్లో పడింది. తెచ్చి పెంచారు. 1998లో జార్జియా విశ్వవిద్యాలయ వృక్ష నిపుణుడు మైకేల్ డిర్ ఆ నర్సరీకి వచ్చి, దాని విలువ గుర్తించి, కొమ్మలు తీసుకెళ్ళి పరీక్షించాడు. 2004లో ‘ఎండ్‌లెస్ సమ్మర్’ పేరుతో మార్కెట్లోకి వచ్చింది. ఇక్కడ ఎవరూ పుప్పొడి అద్దలేదు. చూసిన కళ్ళదే పని. కానీ ఆ తర్వాత వచ్చిన ఎన్నో రకాలకు ఆ గుణమే మూలమైంది.

ఇంకో దారి, దూరపు బంధువులతో కలపడం. హిమాలయాల నుంచి ఆగ్నేయాసియా దాకా పెరిగే డైక్రోవా అనే పొద ఉంది. ఏడాదంతా ఆకు ఉంటుంది, నీలి కాయలు కాస్తుంది. అమెరికా శాస్త్రవేత్తలు దాన్ని హైడ్రేంజియాతో కలిపి పిల్లల్ని తీశారు. జపాన్‌కి చెందిన ఉషియో సకజాకి సృష్టించిన ‘రన్అవే బ్రైడ్’ కొమ్మ కొసనే కాకుండా పొడుగునా ప్రతి కణుపు దగ్గరా పూస్తుంది. 2018లో లండన్ చెల్సీ పూల ప్రదర్శనలో ఆ ఏటి మేటి మొక్కగా నిలిచింది.

[తెర మీద: ఒక కొమ్మని కోసి ఇసుకలో గుచ్చుతున్న చేయి.]

పత్తి హైబ్రిడ్‌కి ప్రతి ఏడాదీ మళ్ళీ క్రాసింగ్ చేయాల్సిందే. హైడ్రేంజియాకి ఒక్క మంచి మొక్క దొరికితే చాలు. బంగినపల్లి టెంక నాటితే బంగినపల్లి రాదు, అంటు కట్టాలి. ఇదీ అంతే, గింజ వేస్తే వేరే పువ్వు, కొమ్మ నాటితే అదే పువ్వు. ఆ ఒక్క మొక్క నుంచి కొమ్మలు, వాటి నుంచి మళ్ళీ కొమ్మలు. ఈ పెంపకం, మూడు నాలుగు చోట్ల పరీక్షలు, హక్కుల రిజిస్ట్రేషన్, అన్నీ కలిపితే మొదటి పుప్పొడి నుంచి అమ్మకం దాకా 8 నుంచి 10 ఏళ్ళు పడుతుంది.

పేరు అప్పుడే పెడతారు. ఒక్కో పేరు వెనక ఒక్కో కథ ఉంటుంది. నాగసాకిలో వైద్యుడిగా ఉన్న జర్మన్ సీబోల్డ్ 1829లో జపాన్ నుంచి బహిష్కరణకు గురయ్యాడు. అతని సహచరి కుసుమోతో తాకి, బిడ్డ అక్కడే ఉండిపోయారు. యూరప్ చేరాక అతను ఒక హైడ్రేంజియాకి ‘ఒటక్సా’ అని పేరు పెట్టాడు. ఓ తాకి సాన్, అంటే తాకి గారు. ఈరోజు నాగసాకి నగర పుష్పం హైడ్రేంజియా.

[తెర మీద: ఇంటి తోటలో రెండు మొక్కలు, ఒకదానికి పల్చటి సంచి కట్టి ఉంది.]

కూనూరులోనో కొడైకెనాల్‌లోనో, లేదా చలి ఉన్న దేశంలోనో మీ పెరట్లో రెండు రకాల హైడ్రేంజియాలు ఉంటే ఈ వేసవిలోనే మొదలుపెట్టొచ్చు. హక్కులు ఉన్న రకాన్ని కొమ్మలు నాటి అమ్మకూడదు గానీ, కొత్త రకం కోసం తల్లిగానో తండ్రిగానో వాడుకోవడాన్ని మన దేశంలో మొక్కల రకాల హక్కులను కాపాడే 2001 చట్టం పరిశోధకుల హక్కుగా ఒప్పుకుంటుంది. మీరు వేరే దేశంలో ఉంటే అక్కడి నిబంధన ఒకసారి చూసుకోండి. ఒక లేస్‌క్యాప్ తీసుకోండి, మధ్యలోని చిన్న మొగ్గలు బాగా కనిపిస్తాయి, చేయి తిరగడానికి అదే మంచిది. పది మొగ్గల్లో కేసరాలు తీయండి. పుప్పొడి అద్దండి. చీటీ మీద పెన్సిల్‌తో రాయండి, పెన్ను సిరా వానకు పోతుంది. మొదటి తరంలో సాదా పూలు వస్తే మాత్రం ఒక్కటి కూడా పీకకండి.