బలిపీఠం ముందుగా బయటికి: ఒక ఎపిస్కోపల్ చర్చి ఎలా మూతపడుతుంది?

[తెర మీద: మాన్‌హట్టన్ వీధి మూలన గోధుమరంగు రాతి చర్చి, మూలకు ఒదిగిన బురుజు.]

న్యూయార్క్ నగరంలో, మాన్‌హట్టన్ ఆరవ అవెన్యూ 20వ వీధిని కలిసే మూలన ఉన్న ఈ కట్టడం 1846లో హోలీ కమ్యూనియన్ అనే ఎపిస్కోపల్ చర్చిగా ప్రతిష్ఠ పొందింది. 1983లో ఇదే కట్టడం లైమ్‌లైట్ అనే నైట్‌క్లబ్‌గా తలుపులు తెరిచింది. ఈ సంగతిని విడ్డూరంగా చెప్పుకుని నవ్వుకునేవారు చాలామంది ఉన్నారు గానీ, అసలు తెలుసుకోవలసింది ఆ రెండు తేదీల మధ్య జరిగిన వ్యవహారం. సభ్యులు తగ్గిపోయి ఇక నడవలేని స్థితికి వచ్చిన సంఘాన్ని మూసే అధికారం ఎవరిది, ఆ ఆస్తి ఎవరికి చెందుతుంది, బిషప్ ప్రతిష్ఠించిన మందిరం మామూలు కట్టడంగా ఎలా మారుతుంది అన్నవి ఈ వీడియోలో చూద్దాం.

ముందుగా ఈ శాఖ గురించి రెండు మాటలు. ఎపిస్కోపల్ చర్చి అంటే ఆంగ్లికన్ సంప్రదాయానికి అమెరికాలో ఉన్న శాఖ. స్వాతంత్ర్య యుద్ధం ముగిశాక, ఇంగ్లండు రాజుకు విధేయత ప్రకటించలేని ఆంగ్లికన్ సంఘాలు 1789లో ఫిలడెల్ఫియాలో సమావేశమై సొంత రాజ్యాంగాన్ని, సొంత ప్రార్థన పుస్తకాన్ని ఆమోదించుకున్నాయి. తెలుగువారిలో సి.ఎస్.ఐ. సంఘాలకు చెందినవారికి ఈ ఆరాధన పూర్తిగా కొత్తగా అనిపించదు, ఎందుకంటే 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో (సి.ఎస్.ఐ.) కలిసిన ధారల్లో ఆంగ్లికన్ ధార ఒకటి; తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ వి.ఎస్. అజరయ్య సేవ చేసిన దోర్నకల్ అధ్యక్ష ఖండం, అంటే ఒక బిషప్ పరిధిలోని సంఘాల సముదాయం, ఆ ధారలోనిదే.

[తెర మీద: సభ్యుల సంఖ్యను చూపే గీత, 1960ల నుంచి కిందికి.]

అమెరికా లోపలి సంఘాలనే లెక్కిస్తే, ఎపిస్కోపల్ చర్చి సభ్యుల సంఖ్య 1960ల మధ్యలో 34 లక్షలు దాటింది. 2020ల ఆరంభానికి అది 16 లక్షల దిగువకు వచ్చింది. సగానికి పైగా సంఘాల్లో ఆదివారం ఆరాధనకు వచ్చేవారు యాభై మంది కూడా ఉండరు. 2003లో న్యూ హాంప్‌షైర్‌లో స్వలింగ సంపర్కుడైన గురువును బిషప్‌గా అభిషేకించిన తర్వాత వచ్చిన చీలికలే దీనికి కారణమని కొందరు అంటారు. ఆ చీలికలు నిజమే, కొన్ని అధ్యక్ష ఖండాలను అవి రెండుగా చీల్చాయి కూడా. అయితే తరుగుదల అంతకు ముప్పై ఏళ్ల ముందే మొదలైంది. పిల్లలు తక్కువగా పుట్టడం, పుట్టినవారు పెద్దయ్యాక వేరే ఊళ్లకు వెళ్లిపోవడం లేదా ఆరాధనకు రావడం మానేయడం, మిల్లులో గనులో మూతపడి ఊరే చిన్నదైపోవడం వంటి చప్పుడు లేని కారణాల వల్లనే ఎక్కువ సంఘాలు తరిగిపోయాయి.

హోలీ కమ్యూనియన్‌కు పట్టిన గతి ఇంకో రకం. 1840లలో దాని చుట్టూ ఇళ్లుండేవి. ధనికులు, పేదలు ఒకే కప్పు కింద కూర్చోవాలన్న ఆశతో విలియం ఆగస్టస్ మ్యూలెన్‌బర్గ్ అనే గురువు స్థాపించిన ఈ సంఘంలో బెంచీలకు అద్దె లేదు. ఆనాటి చర్చిల్లో కుటుంబాలు ఏటా డబ్బు కట్టి తమ బెంచీని తాము ఉంచుకునేవి కాబట్టి, అద్దె కట్టలేనివారు వెనక వరసల్లో సర్దుకోవలసి వచ్చేది. ఆ రోజుల్లో బెంచీలకు అద్దె లేకుండా చేయడం చిన్న తిరుగుబాటు కాదు. సెయింట్ లూక్స్ ఆసుపత్రి కూడా ఈ సంఘం చొరవతోనే పుట్టింది. తర్వాతి దశాబ్దాల్లో పెద్ద పెద్ద దుకాణాలు వచ్చి ఆ వీధులను వ్యాపార కూడలిగా మార్చాయి, ఇళ్లవాళ్లు ఉత్తరానికి తరలిపోయారు, మందిరం మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఇప్పుడు ఒక చిన్న సంఘపు జమాఖర్చులు చూద్దాం, ఎందుకంటే మూసివేత నిర్ణయం మొదట కనిపించేది అక్కడే. ఆదివారం ముప్పై మంది వచ్చే సంఘం పూర్తికాలపు గురువును పెట్టుకోవాలంటే జీతం, నివాసం, ఆరోగ్య బీమా భరించాలి. వీటికి తోడు, జీతం, నివాసం కలిపి లెక్కించిన మొత్తంలో 18 శాతాన్ని చర్చ్ పెన్షన్ ఫండ్‌కు సంఘమే చెల్లించాలి. 1917లో మొదలైన ఈ నిధి గురువులకు ముసలితనంలో గట్టి ఆసరా, దాన్ని తప్పుపట్టడానికి లేదు. కానీ ముప్పై మంది కానుకలతో ఈ లెక్క సరిపోదు. అందుకని మొదట గురువు సగం కాలానికి మారతారు, ఆ తర్వాత ఆదివారానికొకరు చొప్పున వచ్చి ఆరాధన నడిపించి వెళ్లే గురువులు మిగులుతారు. పెళ్లికి, చావుకి, ఆసుపత్రి మంచం పక్కకి పిలవడానికి సొంత గురువు లేని సంఘంలోకి కొత్త కుటుంబం రావడం అరుదు.

ఆపైన కట్టడం ఖర్చు. పలక రాళ్ల పైకప్పు, ఆవిరితో వేడెక్కించే పాత బాయిలరు, సీసపు పట్టీలు సడలి వంగిపోతున్న రంగుటద్దాల కిటికీలు, వీటిలో ఏ ఒక్కటి చెడినా సంఘపు ఏడాది రాబడి చాలదు. అప్పుడు పూర్వీకులు విడిచిపెట్టిన శాశ్వత నిధి మీద చెయ్యి పడుతుంది. ఏటా నాలుగైదు శాతానికి మించి తీయకుండా ఉంటే ఆ నిధి నిలుస్తుంది. కప్పు కోసం ఒకసారి, బాయిలరు కోసం మరోసారి అసలు నుంచే తీసిన సంఘానికి ఎన్నాళ్లు మిగిలాయో వెస్ట్రీ సభ్యులకు తెలుసు, వాళ్లు నోరు విప్పి చెప్పుకోరు అంతే. వెస్ట్రీ అంటే సంఘస్థులు ఎన్నుకున్న నిర్వాహక వర్గం; మన పాస్టరేట్ కమిటీ లాంటిది.

[తెర మీద: సమావేశ గది, బల్ల మీద లెక్కల పుస్తకాలు.]

మరి మూసే అధికారం వెస్ట్రీదా? ఆస్తి పత్రాల మీద తరచుగా స్థానిక సంఘం పేరే ఉంటుంది కాబట్టి, మా తాతలు కట్టించారు, మాకు తోచినట్టు చేస్తాం అని సభ్యులు అనుకోవడం సహజం. 1979లో ఎపిస్కోపల్ చర్చి ఆమోదించిన డెనిస్ నిబంధన ప్రకారం స్థానిక సంఘం ఆస్తి అంతా అధ్యక్ష ఖండం తరఫున, మొత్తం చర్చి తరఫున ట్రస్టుగా ఉన్నట్టే లెక్క. సంఘం బతికున్నంత కాలం దాన్ని వాడుకుంటుంది, సంఘం ఆగిపోతే అది అధ్యక్ష ఖండానికి చేరుతుంది. చీలికల కాలంలో చాలా రాష్ట్రాల కోర్టులు ఈ నిబంధనను నిలబెట్టాయి. అయితే 2020లో ఫోర్ట్‌వర్త్ వివాదంలో టెక్సస్ సుప్రీంకోర్టు విడిపోయినవారి పక్షాన తీర్పు చెప్పింది కనుక, అన్ని రాష్ట్రాల్లోనూ ఒకే ఫలితం వస్తుందని చెప్పడానికి లేదు. సి.ఎస్.ఐ.లో ఆస్తులు సి.ఎస్.ఐ.టి.ఏ. అనే ట్రస్టు సంస్థ పేరున ఉంటాయి కాబట్టి ఈ ఏర్పాటు ఉద్దేశం తెలుగు ప్రేక్షకులకు తేలికగానే అర్థమవుతుంది.

ప్రతిష్ఠ జరిగిన చర్చిని పడగొట్టాలన్నా, లౌకిక వాడకానికి ఇవ్వాలన్నా అధ్యక్ష ఖండపు స్టాండింగ్ కమిటీ సమ్మతి ముందుగా ఉండాలని చర్చి నిబంధనలు చెబుతాయి. ఇది గురువులు, సంఘస్థులు కలిసి కూర్చునే ఎన్నికైన కమిటీ. న్యూయార్క్ రాష్ట్రంలో వీటికి తోడు, మతసంస్థ భూమిని అమ్మాలంటే కోర్టు గానీ అటార్నీ జనరల్ గానీ అనుమతించాలి. ఒక్క బిషప్ కోపగించి ఒక చర్చిని మూసేశాడన్న మాట వినిపించినప్పుడు, ఇన్ని సంతకాలు దాటి వచ్చిన పని అది అని గుర్తుంచుకోవాలి. దాటలేక ఏళ్ల తరబడి ఆగిపోయిన పనులూ ఉంటాయి.

[తెర మీద: ఖాళీ వేదిక, బలిపీఠం ఉండిన చోట నేల రంగు వేరుగా కనిపిస్తోంది.]

ఆఖరి రోజు విషయానికి వద్దాం. ప్రతిష్ఠ పొందిన కట్టడాన్ని లౌకికం చేయడానికి ఎపిస్కోపల్ చర్చి వద్ద ప్రత్యేకమైన ఆరాధన క్రమమే ఉంది. అందులోని సూచన ప్రకారం బలిపీఠాన్ని, భద్రపరచదలచిన పవిత్ర వస్తువులను ఆరాధన మొదలుకాక ముందే బయటికి తరలించాలి. అంటే జనం లోపలికి వచ్చేసరికి వాళ్లు ఏళ్ల తరబడి మోకరించిన చోట బలిపీఠం ఉండదు. దానికి ముందు వారాల్లో, బలిపీఠాన్ని చూసుకునే ఆల్టర్ గిల్డు సభ్యులు, ఎక్కువగా వయసు మళ్లిన స్త్రీలు, వెండి పాత్రలను ఒక్కొక్కటిగా తిప్పి అడుగున చెక్కిన పేర్లు చదువుతారు. ఫలానా తల్లి జ్ఞాపకార్థం, ఫలానా కొడుకు జ్ఞాపకార్థం అని ఉన్న ప్రతి పాత్రకూ ఒక కుటుంబం ఉంటుంది. ఇచ్చినవారి వారసులను వెతికి అడగాలి, లేదా ఆ పాత్ర అవసరమున్న మరో సంఘానికి పంపాలి. ఈ పనికి పట్టినంత కాలం ఆరాధనకు పట్టదు.

ఆరాధన మొదట్లో బిషప్ గానీ ఆయన పంపిన ప్రతినిధి గానీ, ఈ స్థలంతో ముడిపడిన జ్ఞాపకాలున్నవారికి నష్టభావం కలుగుతుందని దాపరికం లేకుండా ఒప్పుకుంటారు, దేవుని సన్నిధి ఏ ఒక్క కట్టడానికీ కట్టుబడి ఉండదని చెబుతారు. ఆ తర్వాత ప్రకటన చదువుతారు. ఫలానా తేదీన ఫలానా పేరున ఈ కట్టడం ప్రతిష్ఠ పొందిందనీ, ఆ ప్రతిష్ఠా నిర్ణయాన్ని ఇప్పుడు రద్దు చేస్తున్నామనీ, చట్టబద్ధమైన, గౌరవప్రదమైన ఏ ఉపయోగానికైనా దీన్ని విడిచిపెడుతున్నామనీ, ఇకపై ఇది తమ చర్చి అధికార పరిధిలోనిది కాదనీ అందులో ఉంటుంది. చదవడానికి రెండు నిమిషాలు చాలు.

ఆ ప్రకటనలోని చివరి రెండు మాటలను పక్కపక్కన పెట్టి చూడండి. వాడకం గౌరవప్రదంగా ఉండాలని ఒక మాట కోరుతుంది. కట్టడం ఇక మా పరిధిలో లేదని రెండో మాట ఒప్పుకుంటుంది. అంటే మొదటిది కోరికే తప్ప ఆంక్ష కాదు. అమ్మిన తర్వాత ఏం జరగకూడదో అమ్మకపు దస్తావేజులో రాయించుకోకపోతే, అది రాయించుకోగల చోటు మరొకటి ఉండదు.

[తెర మీద: 1980లలో అదే మూల, రాత్రిపూట వరుసలో నిలబడ్డ యువకులు.]

హోలీ కమ్యూనియన్ ఇందుకు అచ్చమైన ఉదాహరణ. 1970ల మధ్యలో ఆ సంఘం సమీపంలోని కాల్వరీ, సెయింట్ జార్జెస్ సంఘాలతో కలిసిపోయింది. సంఘస్థులకు ఆరాధన ఆగలేదు, గురువులు దొరికారు. ఆ మేరకు ఆ నిర్ణయం మంచిదే. కట్టడం మాత్రం మొదట లిండిస్‌ఫార్న్ అసోసియేషన్ అనే మేధావుల బృందానికి, తర్వాత మత్తుమందుల అలవాటు నుంచి బయటపడేవారికి సాయపడే ఒడిస్సీ హౌస్‌కు చేరింది. ఇంతవరకూ ఎవరికీ అభ్యంతరం ఉండవలసిన పని లేదు. ఆ తర్వాతి కొనుగోలుదారు నైట్‌క్లబ్ యజమాని. చర్చి ఎవరికి అమ్మిందన్న దాని కంటే, కొన్నవారు ఎవరికి అమ్మారన్నదే ఆ కట్టడం పేరును నిర్ణయించింది. క్లబ్బు పోయాక దుకాణాల సముదాయం వచ్చింది. 1966లోనే నగరం ఈ కట్టడాన్ని పరిరక్షిత కట్టడంగా ప్రకటించడం వల్ల బయటి రూపం మారలేదు, కాబట్టి లోపల ఏం నడిచినా దారిన పోయేవారికి అది చర్చిగానే కనిపిస్తుంది.

అక్కడికి ఐదు వీధుల దూరంలో, 25వ వీధిలో, హోలీ కమ్యూనియన్‌ను రూపొందించిన వాస్తుశిల్పి రిచర్డ్ అప్‌జానే రూపొందించిన ట్రినిటీ చాపెల్ ఉండేది. ఎపిస్కోపల్ ఆరాధనకు అవసరం తీరిపోయాక 1940లలో దాన్ని సెర్బియన్ ఆర్థడాక్స్ సంఘానికి అమ్మారు, అది సెయింట్ సావా కెథెడ్రల్ అయింది. 2016లో అగ్నిప్రమాదానికి గురైనప్పుడు కూడా దాన్ని పునరుద్ధరించడానికి పూనుకునే సంఘం ఒకటి దాని వెనక ఉంది. శిల్పి ఒకరే, ఊరు ఒకటే, తేడా కొనుగోలుదారుల్లో ఉంది. మందిరం కోసం వెతుకుతున్న మరో సంఘానికి అమ్మితే ధర తక్కువే రావచ్చు. నా దృష్టిలో ఆ తేడాను భరించడం అధ్యక్ష ఖండానికి తగిన పని. అయితే అలా భరించాలంటే నిధి పూర్తిగా అయిపోక ముందే, బాయిలరు ఆగి గొట్టాలు పగిలి కట్టడం పాడుపడక ముందే నిర్ణయం జరగాలి. చేతిలో పైసా లేని రోజున అమ్మేవాడు ఎక్కువ ధర ఇచ్చేవాడి వైపే చూస్తాడు, అది మానవ సహజం. చాలా సంఘాలు విశ్వాసం పేరుతో ఐదారేళ్లు ఆలస్యం చేసి, ఆ ఐదారేళ్లలోనే ఎంచుకునే స్వేచ్ఛను పోగొట్టుకుంటాయి.

చితాభస్మం ఉన్న చోట్ల ఇబ్బంది ఇంకా ఎక్కువ. చాలా ఎపిస్కోపల్ చర్చిల్లో గోడలో గూళ్లు గానీ, పెరట్లో జ్ఞాపక వనం గానీ ఉంటాయి. గూటిలోని పాత్రను కుటుంబం అనుమతితో మరో చోటికి తీసుకెళ్లవచ్చు. మట్టిలో నేరుగా కలిపిన బూడిదను తిరిగి తీయలేరు. అటువంటప్పుడు ఆ కాస్త నేలను అమ్మకం నుంచి మినహాయించడం, లేదా కుటుంబాలు వచ్చి వెళ్లే హక్కును దస్తావేజులో చేర్చడం ఒక మార్గం.

ఇక రిజిస్టర్లు. బాప్తిస్మాలు, కన్ఫర్మేషన్లు, పెళ్లిళ్లు, సమాధి కార్యక్రమాలు రాసిన పుస్తకాలు చర్చి మూతపడినా అమ్మకంలో పోవు. అవి అధ్యక్ష ఖండపు దస్త్రాల విభాగానికి చేరాలి. వాటితో పాటే ఆరాధనల రిజిస్టరు కూడా వెళుతుంది, అందులో తేదీ, వేళ, హాజరైనవారి సంఖ్య, ప్రభురాత్రి భోజన సంస్కారం తీసుకున్నవారి సంఖ్య, నడిపించిన గురువు సంతకం వరుసగా ఉంటాయి. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఎవరికైనా ఇప్పుడు మూతపడి ఉన్న ఎపిస్కోపల్ చర్చిలో పెళ్లి గానీ, పిల్లల బాప్తిస్మం గానీ జరిగి ఉంటే, ఆ కట్టడంలో ఇప్పుడున్నవారిని అడిగి ప్రయోజనం లేదు. ఆ ఊరు ఏ అధ్యక్ష ఖండం కిందికి వస్తుందో తెలుసుకుని, ఆ కార్యాలయానికి చర్చి పేరు, ఊరు, సుమారు సంవత్సరం, ఆనాటి పత్రాల్లో రాసిన తీరులో పూర్తి పేర్లు తెలియజేస్తూ ఉత్తరం రాయాలి. తెలుగు ఇంటిపేరు ముందు రాసే అలవాటు వల్ల అక్కడి గుమాస్తాలు దాన్ని ఏ వరసలో రాశారో చెప్పలేం కాబట్టి, రెండు వరసల్లోనూ వెతకమని అడగడం మంచిది.