చిట్టి ఈనే ముందు వారం

శ్రోతలకు నమస్కారం.

మా చిట్టి ఊరకుక్కే. హనుమకొండలో మా వాకిట్లోనే పెరిగింది. పోయిన చలికాలం అది కడుపుతో ఉంటే ఇంట్లో తలా ఒక లెక్క. ఒకరు రెండు నెలలంటారు, ఇంకొకరు మూడంటారు. కుక్కకు సుమారు 63 రోజులు. కానీ జతకట్టిన రోజు నుంచి లెక్కపెడితే 58 నుంచి 68 లోపల ఎప్పుడైనా ఈనొచ్చు. పది రోజుల తేడా! అన్ని రాత్రులు మేలుకొని కూర్చోలేం కదా.

పశువుల డాక్టరు గారు ఒక్క మాటే చెప్పారు: థర్మామీటరు. చివరి వారం పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, మొనకు కాస్త వ్యాజిలిన్ రాసి మలద్వారంలో పెట్టి చూడాలి. కుక్కకు మామూలుగా 101, 102 ఫారెన్‌హీట్ ఉంటుంది, మనకంటే ఎక్కువే. అది 99 కంటే తగ్గిందంటే చాలావరకు ఒక రోజులోపే ఈనుతుంది. దానికి వేరే థర్మామీటరు కొనండి. మా ఇంట్లో ఒకసారి కలిసిపోయింది, ఆ సంగతి ఇప్పుడెందుకులెండి.

క్యాలెండర్ మీదే రాసేవాళ్లం. 101. 100.8. 100.6. గురువారం సాయంత్రం 98.4! నేను రెండోసారి పెట్టి చూస్తుంటే మా అత్తమ్మ నవ్వింది. "గా మిషిని ఎందుకు బిడ్డా? పొద్దటిసంది బియ్యం డ్రమ్ము ఎనుక గోకుతాంది, మూల ఎతుక్కుంటాంది."

ఇద్దరి లెక్కా కుదిరింది.

టీవీ అట్టపెట్టెకు ఒక పక్క కిందికి కోసి, పాత నూలు చీర పరిచాం. తెల్లవారుజామున నాలుగింటికి మొదటి పిల్ల. మాయపొర చిట్టే చింపింది, బొడ్డు తనే కొరికింది. మేం ముట్టుకోలేదు. అరగంట గట్టిగా ముక్కినా పిల్ల రాకపోతే, లేదా మొదటి పిల్లకు ముందే ఆకుపచ్చటి ద్రవం కారితే మాత్రం ఆగొద్దు, డాక్టరుకు ఫోన్ చేయండి. ఆ నంబరు ముందే గోడమీద రాసిపెట్టుకోండి.

అన్నట్టు, బలానికని నేను ముందే కాల్షియం గోలీలు తెచ్చాను. డాక్టరు గారు వద్దన్నారు. కడుపుతో ఉన్నప్పుడు అవి ఎక్కువగా పడితే ఎముకల్లోంచి కాల్షియం తీసుకునే అలవాటు ఒంటికి మందగిస్తుందట. తీరా పాలిచ్చే రోజుల్లో వణుకు, ఫిట్స్ వస్తాయి. గోలీలు అల్మారాలోనే ఉండిపోయాయి.

ఐదు పిల్లలు. పుట్టిన రెండు వారాలు వాటి ఒంటికి సొంత వెచ్చదనం నిలవదు, అందుకే పెట్టెకు ఒక మూలన బల్బు వేలాడదీశాం. చలేస్తే దాని కిందికి, వేడైతే ఇవతలికి, కళ్లు తెరవకముందే పాకుతూ వాటంతట అవే జరిగేవి.