వేర్లు ఆరనివ్వకండి: జనవరిలో బేర్ రూట్ చెట్లు కొనడం, నాటడం

నమస్కారమండీ. నా చేతిలో ఉన్నది ఎండు పుల్లలా కనిపిస్తుంది గానీ, ఇది ప్రాణమున్న దానిమ్మ చెట్టు. కుండీ లేదు, మట్టి లేదు, ఒక్క ఆకు కూడా లేదు. ఇక్కడ కాలిఫోర్నియాలో జనవరి, ఫిబ్రవరి నెలల్లో నర్సరీలు చెట్లను ఇలాగే, వేర్లను తడి రంపపు పొట్టులో పాతిపెట్టి అమ్ముతాయి. దీన్నే బేర్ రూట్ అంటారు. కుండీలో పెరిగిన చెట్టు కన్నా ధర తక్కువ, వేర్లు ఎలా ఉన్నాయో కళ్ళారా చూసుకుని కొనుక్కోవచ్చు. శాక్రమెంటో దగ్గర మా పెరట్లో ఇవాళ మూడు నాటుతున్నాను: దానిమ్మ, సాంటా రోజా రకం ప్లమ్, ఫుయు రకం పర్సిమన్ (టమాటాలా కనిపించే నారింజ రంగు పండు).

మనవాళ్ళు చాలామంది అడిగేది, మామిడి, జామ, కరివేపాకు ఇలా దొరకవా అని. దొరకవండీ. చలికాలంలో ఆకు మొత్తం రాల్చి నిద్రపోయే చెట్లనే ఇలా తవ్వి తీయగలరు. ఏడాది పొడవునా ఆకు ఉండే చెట్టును మట్టి లేకుండా పీకితే, ఆకులు నీళ్ళు వదులుతూనే ఉంటాయి, వేర్లు అందించలేవు.

మనకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. వరి నారు పీకి, వేర్ల మట్టి కడిగి, కట్టలు కట్టి నాటడం మన పొలాల్లో అందరూ చూసిందే. నారు కట్టలు గట్టు మీద ఎండకు పడి ఉంటే మా తాతయ్య ఊరుకునేవారు కాదు. ఇంత తెలిసి కూడా ఇక్కడ మొదటి ఏడాది నేను మూడు చెట్లను ఎండలో పెట్టి, తీరిగ్గా గుంటలు తవ్వాను. గాలి కూడా బాగా ఉంది. రెండు చెట్లు చిగురే వేయలేదు. ఇప్పటికీ ఆ రెండు చెట్లు గుర్తొస్తే బాధగా ఉంటుంది. అందుకే ఇవాళ గుంటలు ముందే తవ్వి ఉంచాను.

నర్సరీలో ఏం చూడాలంటే, చెట్టును పొట్టులోంచి పైకి తీసి చూపించమనండి. వేర్లు అన్ని వైపులకూ ఉండాలి, వంచితే వంగాలి, చిటుక్కున విరగకూడదు. కుళ్ళు వాసన వచ్చినా, కాండం మొదట్లో గరుకు కణుతులు కనిపించినా వద్దు. ఆ కణుతులు క్రౌన్ గాల్ అనే బాక్టీరియా తెగులు కావచ్చు. పర్సిమన్ వేర్లు మాత్రం నల్లగానే ఉంటాయి, అది దాని సహజమైన రంగు, కుళ్ళిందని వదిలేయకండి. లావుపాటి కాండం కోసం వెతకక్కర్లేదు. అర అంగుళం మందం ఉన్నది త్వరగా కుదురుకుంటుంది. మొగ్గలు విచ్చి ఆకులు వచ్చేసిన చెట్టును తీసుకోకండి.

రకం ఎంచుకునేటప్పుడు లేబుల్ మీద చిల్ అవర్స్ చూడండి. అంటే చెట్టు బాగా పూసి కాయాలంటే చలికాలంలో 45 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తక్కువ చలి ఎన్ని గంటలు కావాలో ఆ లెక్క. దానిమ్మకు 100 నుంచి 200 గంటలు చాలు. బింగ్ చెర్రీకి 700 పైనే కావాలి, పైగా పుప్పొడి కోసం పక్కన ఇంకో రకం చెర్రీ కూడా ఉండాలి. సాంటా రోజా ఒక్కటే ఉన్నా కాస్తుంది.

ఇంటికి తెచ్చాక వేర్లను బకెట్ నీళ్ళలో రెండు మూడు గంటలు ఉంచండి. ఒక రోజుకు మించి మాత్రం వద్దు. వాన పడి నాటడం కుదరకపోతే, నీడలో చెట్టును ఏటవాలుగా పడుకోబెట్టి వేర్ల మీద తడి మట్టి కప్పేయండి.

ఇదిగో గుంట. వేర్లు మడత పడకుండా పరుచుకునేంత వెడల్పు, వాటికి సరిపడా లోతు, అంతే. మా నేల బంకమట్టి, అందుకని నిన్న నీళ్ళు నింపి చూశాను, కొన్ని గంటల్లో ఇంకిపోయాయి. మీకు మర్నాటికీ నిలిచి ఉంటే, అడుగు ఎత్తున మట్టి దిబ్బ పోసి దాని మీద నాటండి. గుంట మధ్యలో చిన్న కుప్పలా మట్టి వేసి, దాని చుట్టూ వేర్లు దించుతున్నాను. ప్లమ్‌కి ఇక్కడ కాండం కాస్త వంగి బుడిపెలా ఉంది చూడండి, అది అంటు కట్టిన చోటు. అది నేలకు రెండు మూడు అంగుళాలు పైనే ఉండాలి. గుంటలో ఎరువు వద్దు, తవ్విన మట్టినే తిరిగి వేయండి. కాలితో గట్టిగా తొక్కకుండా, నీళ్ళు పోసి మట్టి సర్దుకోనివ్వండి.

ఇప్పుడు అందరికీ చెయ్యి వణికే పని. ప్లమ్‌ని మోకాలి ఎత్తులో కత్తిరిస్తున్నాను. నర్సరీలో తవ్వినప్పుడే వేర్లలో చాలా భాగం తెగిపోయింది. మిగిలిన వేర్లు అంత పొడవు కొమ్మను పోషించలేవు. పైగా కొమ్మలు కింది నుంచే వస్తే, రేపు పండ్లకు నిచ్చెన అక్కర్లేదు. పర్సిమన్‌ని మాత్రం నడుము ఎత్తులో వదులుతాను.

తర్వాత కాండానికి తెల్ల రంగు. ఇంటి లోపలి గోడలకు వేసే నీళ్ళలో కలిసే పెయింట్‌లో సగానికి సగం నీళ్ళు కలిపాను. ఆకు నీడ లేని లేత బెరడు ఎండకు పగిలితే, ఆ పగుళ్ళలో పురుగు చేరుతుంది. మన రోడ్ల పక్కన చెట్లకు సున్నం పూయడం చూసే ఉంటారు.

నాటిన రోజు బాగా నీళ్ళు పోశాక, ఆకులు వచ్చేదాకా రోజూ పోయకండి. ఆకు లేని చెట్టు తాగేది చాలా తక్కువ, బంకమట్టిలో వేర్లు కుళ్ళిపోతాయి. మట్టి వేలితో తడిమి చూసి, రెండు అంగుళాల కింద పొడిగా ఉంటేనే పోయండి.

ప్లమ్ మార్చిలో చిగురిస్తుంది. పర్సిమన్ మొదటి ఏడాది మే దాకా, ఒక్కోసారి జూన్ దాకా కదలదు. చచ్చిపోయిందని టెన్షన్ పడి పీకేయకండి. బెరడును గోరుతో కొంచెం గీరి చూడండి, లోపల పచ్చగా ఉంటే ఇంకా కొన్నాళ్ళు ఆగండి.