బ్రెడ్ ప్యాకెట్ వెనకవైపు ఏముంది? కాటా పెట్టి లెక్క చూద్దాం

(తెర మీద: బల్లపై 400 గ్రాముల తెల్ల బ్రెడ్ ప్యాకెట్, వంటింటి డిజిటల్ కాటా, కాలిక్యులేటర్)

నమస్కారమండీ. గుంటూరు కొత్తపేటలో చూడండి, విజయవాడ సూర్యారావుపేటలో చూడండి, ఆసుపత్రులున్న వీధి అంటే పక్కనే బ్రెడ్డూ పాలూ అమ్మే కొట్టు ఉండాల్సిందే. జ్వరమొస్తే బ్రెడ్డు, అరక్కపోతే బ్రెడ్డు. "తేలికండీ, ఏమీ చెయ్యదు" అంటారు. జ్వరానికి రెండు పూటలు తింటే ఎవరికీ ఏమీ కాదు. రోజూ పొద్దున టిఫిన్ బదులు నాలుగు ముక్కలు తినేవాళ్ళు మాత్రం ప్యాకెట్ ఒకసారి వెనక్కి తిప్పాలి. ఈ వీడియో వాళ్ళ కోసం.

ముందు బరువు. ప్యాకెట్ మీద 400 గ్రాములని ఉంది. ముక్కలు లెక్కపెడితే అటూ ఇటూ ఉన్న చివరి ముక్కలతో కలిపి 16. అంటే ముక్కకి 25 గ్రాములు. కాటా మీద పెడుతున్నాను... 25. మీ ప్యాకెట్‌లో ఇంతే ఉండాలని లేదు. పెద్ద సైజు శాండ్‌విచ్ బ్రెడ్ ముక్క 30, 35 కూడా తూగుతుంది. అందుకే "రెండు ముక్కలే తిన్నాను" అన్న మాటకి లెక్కలో విలువ లేదు, ఎన్ని గ్రాములన్నదే లెక్క.

(తెర మీద: పోషకాల పట్టిక, దగ్గరగా)

ఇప్పుడు ఈ పట్టిక. ఒక వరుస "పర్ 100 గ్రా", ఇంకో వరుస "పర్ సర్వ్". ఈ సర్వ్ దగ్గరే చాలామంది పప్పులో కాలేస్తారు. ఇక్కడ సర్వ్ అంటే ఒక్క ముక్క. సోడియం ఎదురుగా రోజువారీ అవసరంలో 6 శాతం అని చూసి "అబ్బే, తక్కువే" అనుకుంటాం. ఒక్క ముక్కతో లేచేవాళ్ళెవరండీ? నాలుగు తింటే 24 శాతం. ప్యాకెట్లు పోల్చేటప్పుడు 100 గ్రాముల వరుసే చూడండి. తినేది లెక్కకట్టేటప్పుడు మీ గ్రాములతో గుణించండి.

ఈ ప్యాకెట్‌లో 100 గ్రాములకి శక్తి 252 కిలోకేలరీలు (మనం మామూలుగా కేలరీలు అనేది వీటినే), కార్బోహైడ్రేట్లు 51 గ్రాములు, అందులో విడిగా కలిపిన చక్కెర 3 గ్రాములు, ప్రొటీన్ 8, కొవ్వు 1.8, సోడియం 480 మిల్లీగ్రాములు. మామూలు తెల్ల బ్రెడ్ ఏది తీసుకున్నా దాదాపు ఈ చుట్టుపక్కలే ఉంటుంది.

అంకెలు నమ్మొచ్చా అంటే, ఒక చిన్న పరీక్ష ఉంది. కార్బోహైడ్రేట్లని 4తో, ప్రొటీన్‌ని 4తో, కొవ్వుని 9తో గుణించి కూడండి. 204, 32, 16. మొత్తం 252. సరిపోయింది. పది పదిహేను తేడా వస్తే కంగారు పడక్కర్లేదు, పీచు లెక్క అందరూ ఒకేలా వెయ్యరు. యాభై, అరవై తేడా వచ్చిందంటే ఆ పట్టికలో ఏదో తప్పు పడింది.

షుగర్ ఉన్నవాళ్ళు ఇక్కడ కాస్త ఆగి చూడాలి. పంచదార లేని టీ, అందులో ముంచుకోవడానికి నాలుగు బ్రెడ్ ముక్కలు. చాలా ఇళ్ళలో కనిపించే దృశ్యమే. టీలో మానేసిన చెంచా పంచదార 5 గ్రాములు. బ్రెడ్‌తో లోపలికి వెళ్ళిన కార్బోహైడ్రేట్లు 51 గ్రాములు. పట్టికలో చక్కెర 3 గ్రాములే ఉందని సంబరపడితే కుదరదు. మైదాలోని పిండిపదార్థం అరిగాక గ్లూకోజే అవుతుంది, అదీ త్వరగా. తిన్నది రక్తంలో చక్కెరని ఎంత త్వరగా పెంచుతుందో చెప్పే కొలతని గ్లైసీమిక్ ఇండెక్స్ అంటారు. గ్లూకోజ్‌ని 100 అనుకుంటే తెల్ల బ్రెడ్‌కి అది సుమారు 75. మనకి అలవాటైన కొలతలో చెప్పాలంటే, ఈ నాలుగు ముక్కల్లోని కార్బోహైడ్రేట్లు దాదాపు 180 గ్రాముల వండిన అన్నంలో ఉన్నన్ని. అన్నం తగ్గించి బ్రెడ్డుకి మారితే తగ్గిందేమీ ఉండదు.

ఇక అసలు సంగతి ఉప్పు. తెల్ల బ్రెడ్ గురించి ఒక్క మాటే చెప్పమంటే నేను చక్కెర కన్నా ముందు దీని గురించే చెబుతాను, ఎందుకంటే ఇది నాలిక్కి తెలీదు. పట్టికలో ఉప్పు అని రాయరు, సోడియం అని రాస్తారు. దాన్ని 2.5తో గుణిస్తే ఉప్పు. 480 ఇంటూ 2.5... 1,200 మిల్లీగ్రాములు, అంటే 1.2 గ్రాములు. నాలుగు ముక్కల్లో అంత. మొత్తం ప్యాకెట్‌లో 4.8 గ్రాములు.

(తెర మీద: కాటాపై 4.8 గ్రాముల ఉప్పు, పక్కన ప్యాకెట్)

ఇదిగో, ఇంచుమించు ఒక టీ స్పూను. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు ఉండాలంటుంది. బ్రెడ్డు తిన్నాక మధ్యాహ్నం మనం ఆవకాయ మానేస్తామా? బీపీ ఉన్నవాళ్ళు ఈ 1.2ని కూడా ఖాతాలో వేసుకోవాలి. పైన ఉప్పు వెన్న రాస్తే ఇంకొంచెం.

"మేం స్వీట్ బ్రెడ్డే తెస్తామండీ" అంటారు. దాన్లోనూ ఉప్పుంటుంది. ఉప్పు రుచి కోసమే కాదు, ఈస్ట్ మరీ తొందరగా పొంగకుండా పట్టి ఉంచుతుంది, ముద్దలోని గ్లూటెన్‌కి, అంటే సాగే గుణమున్న గోధుమ ప్రొటీన్‌కి, బిగువిస్తుంది. అది లేకపోతే ముద్ద జిగటగా సాగి, పొంగినది ఓవెన్‌లో కూలబడుతుంది. అందుకని ఏ బేకరీ అయినా వెయ్యక తప్పదు.

ఈ ఉప్పుతోనే ఇంకో కిటుకు. పదార్థాల జాబితాలో ఎక్కువ బరువున్నది ముందు, తక్కువది తర్వాత రాయాలి, అది నియమం. జాబితాలో ఉప్పు ఎక్కడుందో వేలు పెట్టండి. ఈ 400 గ్రాముల్లో ఉప్పు ఐదు గ్రాములకి మించదని ఇప్పుడే చూశాం. కాబట్టి ఉప్పు తర్వాత ఏది రాసినా అది ఐదు గ్రాములు కూడా లేదన్నమాట. ప్యాకెట్ ముందువైపు తేనె బొమ్మో, ఓట్స్ బొమ్మో, పాలగ్లాసు బొమ్మో పెద్దగా వేసి, వెనక ఆ పేరు ఉప్పు తర్వాత వచ్చిందంటే మీరు డబ్బిచ్చింది బొమ్మకి.

బ్రౌన్ బ్రెడ్ కూడా ఇలాగే పట్టుకోవచ్చు. జాబితాలో మొదటి పేరు రిఫైన్డ్ వీట్ ఫ్లోర్ అయితే అది మైదా. కింద ఎక్కడో 150 అంకెతో రంగు కనిపిస్తే అది కారమెల్, గోధుమరంగు దానివల్ల కూడా వచ్చి ఉండొచ్చు. ఆటా అని రాసి పక్కన ఎంత శాతమో వేస్తే ఆ శాతం చూడండి. తేడా చిన్నది కాదు, వంద గ్రాముల మైదాలో పీచు 3 గ్రాముల లోపు, ముడి గోధుమపిండిలో 11 గ్రాముల దాకా.

జాబితాలో ఇలాంటి కోడ్ అంకెలు చూసి భయపడేవాళ్ళకి రెండు మాటలు. 282 అంటే కాల్షియం ప్రొపియొనేట్, బూజు పట్టకుండా. 471, 481 ముద్ద మెత్తగా ఉండటానికి. 300 అంటే విటమిన్ సి, పిండికి బలం కోసం. ఇవన్నీ అనుమతి ఉన్నవే. 924ఎ, అంటే పొటాషియం బ్రోమేట్, ఉండకూడదు. మన దేశంలో 2016లో నిషేధించారు.

ప్రొటీన్ 8 గ్రాములంటే ఫరవాలేదనిపిస్తుంది గానీ, అది చాలావరకు గ్లూటెన్, అందులో లైసీన్ అనే అవసరమైన అమైనో ఆమ్లం తక్కువ. గుడ్డుతో గానీ, శనగపిండి జారుగా కలిపి అందులో ముంచి కాల్చి గానీ తింటే ఆ లోటు తీరుతుంది. బ్రెడ్ ఆమ్లెట్ బండి దగ్గర తినడానికి ఇదొక సాకు. జామ్ వల్ల మాత్రం ఏ లోటూ తీరదు, దాన్లో మూడింట రెండు వంతులు చక్కెరే.

టోస్ట్ చేస్తే కేలరీలు తగ్గుతాయా? కాల్చక ముందు 25 గ్రాములు. కాల్చాక కాటా మీద పెడుతున్నాను... 21. పోయిన నాలుగు గ్రాములూ నీళ్ళే. కేలరీలు దాదాపు 63 ఉండేవి, ఇప్పుడూ అంతే. నీళ్ళు పూర్తిగా పోయాక మిగిలేదే రస్కు, అందుకే దానికి వంద గ్రాములకి 400 దాటుతుంది. చేతికి తేలిక, లెక్కకి బరువు.

లేబుల్ లేని లోకల్ బేకరీ బ్రెడ్డయితే, తూచి గ్రాముకి రెండున్నర కేలరీలు వేసుకోండి. నెయ్యి, పాలు, పంచదార దండిగా వేసిన బన్నుకి మూడు పైనే.

చివరగా, దాచడం. మన వానాకాలం ఉక్కకి బయట పెడితే చెప్పిన తేదీ కన్నా ముందే బూజు పట్టొచ్చు. పచ్చ మచ్చ ఉన్నంత మేర తుంచేసి మిగతాది తినొద్దు. మెత్తటి బ్రెడ్‌లో బూజు పోగులు కంటికి కనిపించేదానికన్నా లోపలికి పాకి ఉంటాయి. అలాగని ఫ్రిజ్ కింది అరలో పెడితే బూజు ఆగుతుంది గానీ ముక్క రెండు రోజులకే గట్టిపడుతుంది, ఆ చల్లదనంలో పిండిపదార్థం త్వరగా బిగుసుకుంటుంది. రెండు రోజుల్లో అయిపోదనుకుంటే నాలుగేసి ముక్కలు కవర్లో గాలి లేకుండా చుట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. తీశాక కరగనివ్వక్కర్లేదు. నేరుగా పెనం మీద వేసి, సన్న సెగన ఒక్కో వైపు నిమిషంన్నర కాల్చండి.